నీళ్ళలోకి దిగాను

తిరుపతి, మంగళవారం

అక్కా, ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్లో చెబితే సగంలోనే అరుస్తావని కార్డు రాస్తున్నాను. నేను ఈత నేర్చుకుంటున్నాను.

షుగరు తగ్గాలని నెల రోజులు మైదానంలో పరిగెత్తితే మోకాలు వాచింది. పుత్తూరులో కట్టు కట్టిన పెద్దాయన, "ఎముకకేం కాలేదమ్మా. పరుగు ఇడిసిపెట్టి, కాళ్ళ మీద బరువు పడని పని ఏదైనా సూసుకో" అన్నాడు. అందుకే పొద్దున పూట ఆడవాళ్ళకు ఈత నేర్పే చోట చేరాను.

చిన్నప్పుడు బావిలో మునిగిపోతుంటే జుట్టు పట్టి నన్ను పైకి లాగింది నువ్వే. నీళ్ళంటే నాకెంత భయమో నీకు తెలుసు. మొదటి రోజు గంటసేపు మెట్టు మీదే కూర్చున్నాను. నేర్పే అమ్మాయి మోనిక, "నడుము లోతే ఆంటీ, నేనీడనే ఉండాను" అని చెయ్యి చాపింది. నిన్న ఆ చెయ్యి వదిలేసి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఈదాను. ఆయాసం వచ్చింది కానీ మోకాలు నొప్పి పెట్టలేదు. పిల్లలా గట్టిగా నవ్వేశాను.

మన మగ్గం తువ్వాళ్ళు రెండు పంపించు, ఇక్కడ కొన్నవి తడి పీల్చడం లేదు. బావకు దగ్గు తగ్గిందా? మగ్గం మోటారు బాగైందా?

తిట్టాలనిపిస్తే తిడుతూ జాబు రాయి, మానమని మాత్రం అనొద్దు. ఎప్పుడు తెల్లారుతుందా అని ఎదురుచూసే పని ఇన్నేళ్ళకు దొరికింది. పిల్లలకు నా దీవెనలు.

నీ చెల్లెలు,
వసంత