పక్క నుంచి పడిన వెలుగు

నాన్నకు నీ కూతురు బుడగ నమస్కారాలు.

ఇక్కడ మీ అల్లుడూ నేనూ కులాసా. అక్కడ అమ్మ, అన్నయ్య, వదిన బాగున్నారనీ, చెవిలో మందు వేయించుకోనని అమ్మ ప్రాణం తోడేస్తూ నువ్వూ బాగానే ఉన్నావనీ తలుస్తాను. ఈ రోజుల్లో కూడా ఉత్తరాలేమిటని వదిన నవ్విందని రాశావు. నీతో ఫోన్లో మాట్లాడితే నీకు తప్ప మా ఆఫీసులో అందరికీ వినపడుతుందని వదినకు చెప్పు. నీళ్ళ కింద పనిచేసి చేసి ఆ చెవి పోయిందని డాక్టరు చెప్పినా, "అవతలివాళ్ళు గొణిగితే తప్పు నా చెవిదా?" అని దబాయించే మనిషివి నువ్వు. నీకు ఉత్తరమే మేలు.

ముందు అమ్మ అడిగినవాటికి జవాబులు. జలుబు తగ్గింది. ముక్కు పట్టేస్తే నీళ్ళలోకి దిగనివ్వరు కాబట్టి కొన్నాళ్ళు ఒడ్డునే కూర్చుని కాగితాలు సర్దాను. మీ అల్లుడి సోఫాల కొట్టు బాగానే సాగుతోంది. సాయంత్రం ఇంటికి రాగానే నా కెమెరా పెట్టె ముందేసుకుంటాడు. ఆ పెట్టె మూతకు ఒక రబ్బరు రింగు ఉంటుంది. దాని మీద దారప్పోగు ఉన్నా చాలు, నీళ్ళు లోపలికి చేరి కెమెరా చచ్చి ఊరుకుంటుంది. నేను తుడిచి మూసినదాన్ని ఆయన మళ్ళీ తెరిచి, వేలికొసతో రింగు చుట్టూ తడిమి, ఎక్కడో ఒక నలుసు పట్టుకుని నాకు చూపించి మరీ మూస్తాడు. ఆ గొప్ప భరించలేకపోతున్నాను. కానీ ఇంతవరకూ కెమెరా తడవలేదు.

ఇక నీ సంగతికి వస్తాను. "ఆ సబ్బుపెట్టె కెమెరాతో నీళ్ళ కింద ఏం తీస్తావు, నీ మొహం" అని రాశావు. చదివి ఒళ్ళు మండింది. కానీ మొదట్లో నీ మాటే నిజమైంది. మా రేవు నీళ్ళు నీకు కొత్తేం కాదు. పచ్చగా, బురదగా ఉంటాయి, చెయ్యి చాపితే వేళ్ళు కనపడవు. ఈ చిన్న కెమెరాకు ఫ్లాష్ లెన్సు పక్కనే ఉంటుంది. నొక్కగానే ఆ వెలుగు ముందున్న బురద నలుసుల మీద పడి తిరిగొచ్చి లెన్సులోకే దూరుతుంది. దుమ్ము లేచిన రోడ్డు మీద స్కూటర్ లైటు వేసినట్టు, ఫోటో నిండా తెల్లటి చుక్కలే. జెట్టీని మోసే ఇనుప కాళ్ళను ఫోటో తీయమంటే మంచు కురుస్తున్న ఫోటోలు తెచ్చావని మా పడవ సరంగు రోజంతా ఆడుకున్నాడు.

అప్పుడు మా ఇంజనీరు మేడమ్ ఒక బయటి ఫ్లాష్ తెప్పించారు. స్ట్రోబ్ అంటారు దాన్ని. చిన్న చెంబంత ఉంటుంది. కీళ్ళున్న ఒక చెయ్యి మీద, కెమెరాకు మూరెడు దూరంగా, పక్కకు నిలబడుతుంది. కెమెరా ఫ్లాష్ ముందు నల్ల టేపు అంటించాం, దాని వెలుగు బయటికి పోకుండా. లోపల అది కన్నుకొడితే, ఆ కన్నుకొట్టడం వెలుగును మోసే ఒక సన్నని కేబుల్ గుండా స్ట్రోబ్‌కు చేరుతుంది, వెంటనే ఇది భళ్ళున వెలుగుతుంది. వెలుగు పక్క నుంచి వస్తుంది కాబట్టి లెన్సు ముందున్న నలుసులు చాలావరకు చీకట్లోనే ఉండిపోతాయి. ఎంత తెలివో చూడు!

దానికీ మొదట్లో బుద్ధి చెప్పాల్సి వచ్చింది. ఈ చిన్న కెమెరాలు అసలు ఫోటోకు ముందు, వెలుగు ఎంత కావాలో చూసుకోవడానికి, ఒకసారి ఉత్తుత్తినే కన్నుకొడతాయి. మన స్ట్రోబ్ పిలవకముందే పలికే రకం. ఆ దొంగ సైగకే వెలిగిపోయి, అసలు సమయానికి నిద్రపోయేది. ఫోటోలన్నీ కారునలుపు. "నిన్న మంచు, ఇవాళ అమావాస్య" అన్నాడు సరంగు. మొదటి సైగను పట్టించుకోవద్దని చెప్పే మీట దాని వెనకాలే ఉంది, నేనే చూసుకోలేదు.

మీట తిప్పి దిగిన రోజు చెప్తాను విను. జానెడు దూరం దాకా వెళ్ళి ఒక స్తంభాన్ని తీశాను. కంటికి అంతా బూడిదరంగే. తెర మీద చూస్తే ఆల్చిప్పల మధ్య నారింజరంగు సముద్రపు స్పాంజి, దాని పక్కన ఎర్రటి తుప్పు! నీళ్ళు ఎరుపును మింగేస్తాయని చదివాను గానీ, మింగినదాన్ని ఇలా కక్కించవచ్చని అనుకోలేదు. నోట్లో గాలిగొట్టం ఉన్నా కేక పెట్టాను. అన్నేళ్ళు నువ్వు పనిచేసిన చోట ఇన్ని రంగులున్నాయని నీకు తెలుసా నాన్నా? నీకు తెలిసే దారే లేదు.

ఇప్పుడు అసలు మాట. ప్రతి ఉత్తరం చివరా అడుగుతావే, "మూడో వరస మూల కాలు చూశారా" అని. ఆ వరస వంతు ఇంకా రాలేదని కిందటిసారి రాశాను. అది అబద్ధం. ఈ స్ట్రోబ్ రాకముందే నేను మూల కాలు దగ్గరికి వెళ్ళాను.

ఓడ తగిలి చీలిన ఆ కాలును నువ్వు నీళ్ళ కిందే వెల్డింగ్ చేసి అతికావని తెలుసు. ఆ చీకట్లో అంతా చేతి తడుముడు మీదే చేశావనీ, పైన నిలబడ్డ అధికారి "కంటితో చూడలేదు కాబట్టి బాగుందని రాయలేం" అని రాశాడనీ తెలుసు. అప్పట్నుంచి గాలివాన వచ్చినప్పుడల్లా నువ్వు కిటికీ దగ్గర కూర్చోవడమూ తెలుసు. అన్నయ్య, నేను నిన్ను చూసి పిడుగులంటే భయమేమో అనుకునేవాళ్ళం. జెట్టీ మీద మనుషులుంటారు, ఆ కాలు ఆగిందో లేదో అన్న దిగులని అమ్మ చెప్పేదాకా తెలియలేదు.

నాచు గీకి, ఇనుప బ్రష్‌తో తోమి, కెమెరా ఫ్లాష్‌తోనే తీశాను. తెల్ల చుక్కల మధ్య నీ అతుకు కనపడింది. దాని చివర, అడ్డంగా, నల్లటి గీత. పగులు.

ఆ సాయంత్రం అన్నం సహించలేదు. మీ అల్లుడు అడిగితే తలనొప్పి అన్నాను. దాచడానికి అది నా ఇంటి విషయం కాదు కదా. మర్నాడు పొద్దున్నే మేడమ్‌కు చెప్పాను. అది మా నాన్న చేసిన పని అని కూడా చెప్పాను.

ఆవిడ ఫోటో చాలాసేపు చూశారు. "వెలుగు ఎటు నుంచి పడింది?"

"ఎదురుగా, మేడమ్."

"ఎదురు వెలుగులో గుంటా గట్టూ ఒక్కలాగే ఉంటాయమ్మా. పక్క నుంచి వెలుగు పడితేగానీ చెప్పలేం. అంతదాకా ఆ వైపు పడవలు కట్టొద్దని చెప్తాను. నువ్వు మాత్రం నాన్నకు ఇప్పుడే రాయకు."

ఆ స్ట్రోబ్ ఊరికే రాలేదు నాన్నా, నీ మూల కాలు కోసమే వచ్చింది. సరంగు నన్ను ఆటపట్టిస్తుంటే నేను నవ్వుతున్నానే గానీ, ప్రతి నల్ల ఫోటోనూ ఇంటికెళ్ళాక మళ్ళీ తెరిచి చూసుకునేదాన్ని. ఆ మధ్యలోనే నీ ఉత్తరం వచ్చింది, నేను అబద్ధం రాశాను.

చివరికి ఆ రోజు వచ్చింది. ముందు స్ట్రోబ్‌ను ఎడమ పక్కకు పెట్టి ఒకటి తీశాను. తర్వాత కుడి పక్కకు తిప్పి ఇంకోటి. పైకొచ్చి రెండూ పక్కపక్కన చూశాం. ఎడమ నుంచి వెలుగు పడితే గీత నీడ కుడివైపు పడింది. కుడి నుంచి పడితే ఎడమవైపు. "పగులుకు ఇలా బయట నీడ పడదు. ఇది పైకి లేచి ఉంది" అన్నారు మేడమ్. దాని అంచున బ్రష్‌కు అందని నాచు మిగిలిపోయి నల్లగా కనపడిందట. ఇక అతుకు సంగతి, ఏం చెప్పను! పక్క వెలుగులో పొర మీద పొర, చేప పొలుసుల్లా, ఒకదాని మీద ఒకటి ఒద్దికగా పేర్చినట్టుంది. ఎక్కడా చెయ్యి వణకలేదు.

పైకి లేచిన ఆ గీత ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు. నాకు తట్టింది. మన గేటుకు, నిచ్చెనకు, అమ్మ స్టవ్ స్టాండుకు, నువ్వు అతికిన ప్రతిదానికీ చివర అడ్డంగా బొటనవేలంత ఉబ్బెత్తు తోక ఉంటుంది. చిన్నప్పుడు ఎందుకని అడిగితే, "చీకట్లో చెయ్యి పెడితే ఇక్కడికి అయిపోయిందని తెలియాలి కదే" అన్నావు. నిన్ను ఒక్క మాట అడిగుంటే ఆ దిగులంతా ఉండేది కాదు. మళ్ళీ దిగి, చేతి తొడుగు తీసేసి దాన్ని తడిమాను. నీళ్ళ కింద ఏడిస్తే మాస్కు అద్దం మసకబారుతుందని అప్పుడే తెలిసింది.

తర్వాత మేడమ్ మందం కొలిచే మిషన్ కూడా పెట్టించారు. అతుకు గట్టిగా ఉందని ఆవిడే రాసి సంతకం పెట్టారు. ఆ వైపు పడవలు మళ్ళీ కడుతున్నారు. "ఇంత పని చూడకుండా ఎలా చేశారమ్మా ఆయన?" అని అడిగారు. నీ కూతుర్ననే పొగరుతో ఆ పూట సరంగుతో కూడా మాట్లాడలేదు.

ఎడమ వెలుగు ఫోటో ఈ ఉత్తరంతో పంపుతున్నాను. అచ్చు అసలు కొలతలోనే వేయించాను. ముందు కళ్ళజోడు పెట్టుకుని తీరిగ్గా చూడు, నీ పనిని నువ్వు చూడడం ఇదే మొదటిసారి. తర్వాత కళ్ళు మూసుకుని ఆ తోక మీద బొటనవేలు పెట్టు. నా వేలికి అది పెద్దదైంది, నీకు సరిపోతుంది.

ఈసారి గాలివాన వస్తే కిటికీ మూసేసి పడుకో నాన్నా.

ఇట్లు,
చేత్తో తడమడం ఆలస్యంగా నేర్చుకున్న
నీ కూతురు బుడగ