చర్మం ఎదురుతిరిగింది

మంగళవారం, బందరు

చేతులు మండుతున్నాయి. కార్ఖానాలో రోల్డ్‌గోల్డ్ గాజులకి బంగారు పూతకి ముందు వేసే నికెల్ పూత సమంగా పట్టిందో లేదో ఒట్టి చేత్తో తడిమి చూసీ చూసీ వేళ్ళు పగిలాయి. ఇవాళ డాక్టరమ్మగారికి చూపించాను. ఒంట్లో రక్షణ కణాలు నికెల్‌ని శత్రువుగా గుర్తుపెట్టుకున్నాయట, ఇక మర్చిపోవట.

"ఇన్నేళ్ళూ ఏమీ కాలేదు కదండీ?" అన్నాను.

"వాటిని ఊరుకోబెట్టే కణాలూ ఉంటాయమ్మా. ఇప్పుడు వాటి మాట చెల్లట్లేదు."

గ్లౌజులు అడిగితే ఓనరుగారు, "మిగతావాళ్ళకి లేదే? నీ ఒళ్ళే సున్నితం" అన్నారు. మా ఆయన సర్దుకోమన్నాడు. మెడలో సూత్రాల గొలుసు కూడా మేం పూత వేసిందే, దాని కిందా దద్దుర్లు. తీసేస్తానంటే అత్తయ్యగారు కూడా సర్దుకోమనే అన్నారు.

ఇన్నాళ్ళూ నా ఒంట్లోనూ సర్దుకోమనేవాళ్ళే ఉన్నారన్నమాట. నాకు చేతకాని ఎదురుతిరగడం చివరికి నా చర్మానికి చేతనైంది.