వదిన ఇచ్చిన సెల్లు

వనపర్తి, 2007, ఆదివారం రాత్రి

పొద్దుగూకినంక ఇంటి ఫోన్ మోగింది. హైదరాబాద్ ల్యాబ్‌ల నాతోటి పనిచేసే రజియా. బతికున్న కణాలను గుర్తుపట్టనీకి వాట్లల్ల మెరిసే నానో రేణువులు ఎక్కిస్తం గద, ఈసారి కణాలన్నీ చచ్చిపోయినయంట. రేణువుల పైపూత కరిగి, లోపలి కాడ్మియం విషం కారిందేమో అన్నది. ఇవే రేపు రోగుల ఒంట్లకు ఎక్కిద్దామని మావోళ్ల ఆశ. కణాలు చచ్చినంక గూడ బతికున్నట్టే మస్తు మెరుస్తున్నయంట. నాకు అదే భయమైతుంది.

"సెల్స్ అన్నీ చచ్చిపోయినయా?" అని నేను గట్టిగ అడిగింది, రొట్టెలు చేస్తున్న వదిన విన్నది.

"సెల్లు చచ్చిపోతే గింత పరేషాన్ ఎందుకు? బ్యాటరీ పోయుంటది. రేపు బస్టాండ్ కాడ చూపిద్దాం."

గా సెల్లు కాదు వదినా అని చెప్పాలంటే, యాడికెల్లి మొదలువెట్టాలె?

పండుకునే ముందట తన సెల్లు తెచ్చి నా దిండు పక్కన పెట్టింది. "అందాక నాది వాడుకో. ఎవరికన్న చేసి మాట్లాడు, మనసు తేలికైతది" అన్నది.

అండ్ల ఉన్న పేర్లన్నీ చూసిన. అన్న, పాలాయన, టైలరు, ఆటో ఎంకటేశు. కాడ్మియం సంగతి వీళ్లల్ల ఎవరికి చెప్పాలె?

తెర లైటు ఆరిపోతుంది. మళ్ల మీట నొక్కుతున్న.