పదిహేడో కార్డు

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ అత్తయ్యగారూ, మన పాప చిట్టీ, నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. నా మనసే కుదురుగా లేదు. మీరు అక్కడ శిక్షణలో వేళకి తిని, నిద్రపోతున్నారనుకుంటాను.

పోయిన ఉత్తరంలో మూడు ప్రశ్నలడిగారు. మొదటిది అత్తయ్యగారి మోకాలు. తగ్గింది. మేడ దిగి, పక్కింటావిడతో పోట్లాడి, మళ్ళీ ఎక్కగలుగుతున్నారు. రెండోది, మా ఆఫీసులో చేస్తున్న ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఎక్కడిదాకా వచ్చిందని. 'హోల్డ్' దగ్గర ఇరుక్కుపోయాం. మూడోది తర్వాత చెబుతాను. ఈ కాస్త రాసేలోపు రెండుసార్లు లేచి కిటికీదాకా వెళ్ళొచ్చాను.

ఈ హోల్డ్ నా ప్రాణం తోడేస్తోందండీ. చేతిలో సంచీ పట్టుకున్నా హోల్డే, చంటిపిల్లను ఎత్తుకున్నా హోల్డే. ఊపిరి బిగబట్టినా, సమావేశం జరిపినా, పదవిలో ఉన్నా, బిందెలో పది లీటర్లు పట్టినా అదే మాట. పాత తాడు బరువుకి ఆగినా అదే. అత్తయ్యగారికి చెబితే, "మాటలకి అంత కరువొచ్చిందా వాళ్ళకి?" అన్నారు. తెలుగులో ఒక్కో చోటికి ఒక్కో క్రియ వెతకాలి. అన్నిటికీ 'పట్టుకొను' అని అంటించేస్తే మా సంపాదకులు పెద్దాయన ఊరుకోరు.

ఉదాహరణలు సొంతంగా అల్లడానికీ లేదు. ఒక్కో అర్థానికి రాసే కార్డు మీదికి ఎవరో నిజంగా రాసిన వాక్యమే ఎక్కాలి. ఎవరు, ఎవరికి, ఏ తేదీన రాశారో కింద ఉండాలి. అందుకే మందుసీసా చీటీ మొదలుకొని కంటబడిన ఇంగ్లీషు ముక్కనల్లా దించేస్తుంటాను. మన పెళ్ళికొచ్చిన శుభాకాంక్షల కార్డుల్నే వదల్లేదు, మీకు తెలియందేముంది!

పదహారు అర్థాలకి వాక్యాలు దొరికాయి. ఒక స్థానాన్ని ఇంకెవరికీ ఇవ్వకుండా ఒకరి కోసం ఆపి ఉంచడం పదిహేడోది. దానికి ఎంత వెతికినా దొరకలేదు. చివరికి దొరికింది. నిన్న పెద్దాయన కార్డులు సరిచూస్తూ నా బల్ల దగ్గరికొచ్చారు.

"శుభవార్త చెప్పనేలేదేమమ్మా? మీవారు దీవికెప్పుడు బయల్దేరుతున్నారు?"

ఆ పదిహేడో కార్డు ఆయన చేతిలోనే ఉంది.

ఇక మీ మూడో ప్రశ్న. దీవి మీది వాతావరణ కేంద్రం నుంచి కాగితం వచ్చిందా అని మళ్ళీ అడిగారు. ముందుసారి అడిగినప్పుడు రాలేదని రాశాను. అది అబద్ధం. వచ్చి పది రోజులైంది. ఉద్యోగం మీకే ఇచ్చారు. రెండేళ్ళదాకా ఇంటికి రావడం కుదరదని చదివేసరికి దాన్ని మీకు పంపబుద్ధి కాలేదు. తీసుకెళ్ళి ఆఫీసులో తెల్లకార్డుల పెట్టె అడుగున పెట్టేశాను. "ఈ ఉద్యోగాన్ని ఇరవయ్యో తేదీ వరకు మీ కోసం ఆపి ఉంచుతాం" అని 'హోల్డ్'తో రాసిన ఇంగ్లీషు వాక్యం చూశాక మాత్రం చెయ్యి ఊరుకోలేదు. కార్డు మీదికి దించేసి, అలవాటుకొద్దీ కింద మీ పేరూ తేదీతో సహా రాశాను. దొంగ తన చిరునామా రాసిపెట్టి వెళ్ళినట్టుంది నా వ్యవహారం.

"ఆయనకింకా తెలీదండీ" అన్నాను. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని కార్డు మళ్ళీ చదివారు. "అయితే ఇది చెల్లదమ్మా. ఎవరికి రాశారో వాళ్ళకి అందాకే మనం వాడుకోవాలి" అని కార్డు నా ముందు పెట్టి వెళ్ళిపోయారు. అలాంటి నియమం మా దగ్గర లేదు. అప్పటికప్పుడు పెట్టారు.

పొద్దున అత్తయ్యగారికి చెప్పేశాను. తిడతారనుకున్నాను. "వాడు బడికెళ్ళిన మొదటిరోజు వాడేం ఏడవలేదే, నేనే ఏడ్చాను. అలాగని ఇంట్లో కూర్చోబెట్టానా? ఇవాళే పోస్టు చెయ్యి" అన్నారు.

మీరు వెళ్ళడం నాకు ఇష్టం లేదు. ఆ మాట మీతో చెప్పి పోట్లాడాల్సింది, కాగితం దాచకుండా. ఎంత కోప్పడినా పడతాను. ఇవాళ పన్నెండో తేదీ. ఇది మీకు చేరడానికి నాలుగు రోజులు, మీ జవాబు వాళ్ళకి చేరడానికి మూడు. మధ్యలో మీకు మిగిలింది ఒక్క రోజే. మిగతా రోజులన్నీ నేను తినేశాను. అసలు కాగితం ఇందులోనే పెడుతున్నాను. వెళ్తానన్నా, వెళ్ళనన్నా ముందు వాళ్ళకి రాయండి. నాకు తర్వాత రాయొచ్చు.

పదిహేడో కార్డు నా బల్ల మీదే ఉంది. కాగితం అందిందని మీరు రాసేదాకా దాన్ని పెట్టెలో వెయ్యను.

ఇట్లు,
మీ కాగితం మీకు పంపడానికి పది రోజులు పట్టిన
మీ ఆవిడ