పదకొండో ప్రశ్నకు రెండు మార్కులు

విద్యాశాఖ అధికారి గారి సముఖమునకు,
లాడ్జిలో గదులు కడుగు పని చేయు ఒక తల్లి వ్రాసుకొను నాలుగవ అర్జీ.

అయ్యా,

విషయం: పదవ తరగతి రసాయన శాస్త్రములో ఉన్నదీ, ఇంట్లో బకెట్టు పక్కన ఉన్నదీ ఒకటేనని పిల్లలకు చెప్పించుట గురించి.

నేను ఐదో తరగతి వరకు చదివాను. మొదటి మూడు అర్జీలు మీ ఆఫీసు గేటు దగ్గర కూర్చుని రాసే తాత చేత రాయించాను. వాటిలో ప్రతిచోటా "సదరు బాలిక" అని పడింది. నా కూతుర్ని సదరు అనడం నాకు నచ్చలేదు. అందుకని ఇది నేనే రాస్తున్నాను. తాత నేర్పిన మాటలు కొన్ని వాడాను. తప్పులుంటే మన్నించగలరు.

1. నా పెద్ద కూతురు, వయస్సు పదిహేనేళ్ళ ఏడు నెలలు, పదవ తరగతి చదువుతూ, అర్ధ సంవత్సర పరీక్షల తరువాత సెలవుల్లో, నేను పనిచేయు లాడ్జి రెండో అంతస్తు బాత్రూములో విషవాయువు పీల్చి మరణించినదని తమకు మనవి చేసుకుంటున్నాను. ఆ రోజు నాకు నడుము పట్టేసి మంచం దిగలేకపోయాను. "నువ్వు పడుకో అమ్మా. పద్నాలుగు గదులేగా, మధ్యాహ్నానికి వచ్చేస్తా" అంది. తన చెప్పులు తడుస్తాయని నా రబ్బరు చెప్పులు వేసుకుని వెళ్ళింది.

2. బాత్రూములు కడిగే మా ఆడవాళ్ళకు ఒక అలవాటు ఉన్నది. యాసిడ్ ఒక్కటే పోస్తే మరక పూర్తిగా పోదు. బ్లీచింగ్ పౌడర్ ఒక్కటే చల్లితే తెల్లబడదు. అందుకని ముందు పౌడరు చల్లి దాని మీద యాసిడ్ పోస్తాము. బుసబుసా పొంగుతుంది. కళ్ళు మండుతాయి, దగ్గు తెర వస్తుంది. బయటికొచ్చి, గదిలో దుప్పట్లు మార్చి, కాసేపటికి మళ్ళీ వెళ్ళి రుద్దుతాము. బయటికి వచ్చేది దగ్గుకు తాళలేకే గానీ తెలిసి కాదు. అది ప్రాణం తీస్తుందని మాలో ఒక్కరికీ తెలియదు. మా అమ్మాయి పని తొందరగా తెమలాలని బయటికి రాకుండా కూర్చుని రుద్దింది. ఆ బాత్రూముకు కిటికీ లేదు. ఘాటు వరండాలోకి వస్తే దిగినవాళ్ళు గొడవ చేస్తారని మేనేజరు తలుపు వేసుకుని కడగమంటాడు. మేము ఆయన అటు తిరగగానే తీసేస్తాము. మా అమ్మాయి బయటివాళ్ళు చెప్పిన మాట వినే పిల్ల. వేసే ఉంచింది.

3. పద్దెనిమిదో రోజున సైన్సు సారు మా ఇంటికి వచ్చారు. చిన్న వయసాయన. కూర్చోమంటే కూర్చోలేదు. "దిద్దిన పేపరమ్మా. మీ దగ్గర ఉంటే బాగుంటుందని" అని చేతిలో పెట్టారు. నేను వేలు పెట్టి చదువుకున్నాను. పదకొండో ప్రశ్న ఇది: బ్లీచింగ్ పౌడరుపై హైడ్రోక్లోరిక్ ఆమ్లము పోసినచో ఏమి జరుగును? దాని కింద నా బిడ్డ గుండ్రటి అక్షరాలు: "క్లోరిన్ వాయువు వెలువడును. ఇది ఆకుపచ్చ కలిసిన పసుపు రంగు, ఘాటైన వాసన గల విషవాయువు." తరువాత ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మధ్యలో బాణం. పక్కన ఎర్ర సిరాతో రెండుకు రెండు మార్కులు.

"సారూ, ఈ పౌడరంటే మేం చల్లేదేనా?" అని అడిగాను.

"అదేనమ్మా."

"మరి ఈ రెండోది?"

సారు తల దించుకున్నారు. "మీరు పోసే యాసిడే."

"ఆ ముక్క పిల్లకు చెప్పలేదా బాబూ?"

"సమీకరణం చెప్పానమ్మా. తుల్యం చెయ్యడం కూడా నేర్పాను. బాణానికి అటూ ఇటూ సరిపోవాలి కదా. బాగా చేసేది."

"మా యాసిడ్ సీసా గురించి?"

"అది పరీక్షలో అడగరమ్మా. సిలబస్ అయ్యేసరికే..." అన్నారు. ఇచ్చిన మంచినీళ్ళు గూట్లో పెట్టేసి వెళ్ళిపోయారు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదని ఇందుమూలముగా తెలియజేయుచున్నాను. మళ్ళీ ఆయన మా వీధిలోకి రాలేదు.

4. తమ ఆఫీసులో కిటికీ దగ్గరి గుమాస్తా గారు నా మొదటి అర్జీ తిరగేసి, "ఇది ప్రమాదమా, పాఠమా?" అన్నారు. రెండూనండి అన్నాను. "రెండూ ఉండవమ్మా. ప్రమాదమైతే మా శాఖ కాదు. పాఠమైతే పుస్తకంలో ఉంది. ఏదో ఒకటి తేల్చుకుని రా" అన్నారు. రెండో అర్జీ పాఠమని తేల్చుకుని ఇచ్చాను. జవాబు వచ్చింది: సదరు అంశము నలభై ఒకటవ పుటలో ఇదివరకే కలదు, కావున తమ అర్జీ పరిష్కరింపబడినది. పరిష్కారం అంటే ఏమిటని నా చిన్న కూతుర్ని అడిగాను. "అయిపోయిందని అమ్మా" అంది. మూడో అర్జీకి కూడా అదే కాగితం వచ్చింది, తేదీ మార్చి.

ఉన్నదని నాకు తెలుసు అయ్యా. ఉన్నదనే నేను ఏడుస్తున్నది. లేకపోతే మా ఖర్మ అనుకుని ఊరుకుందును. నలభై ఒకటో పుటలో గాజు గొట్టము, గాజు జాడీ, స్టాండు బొమ్మ వేశారు. మా ఇంట్లో గాజు వస్తువు మొహం చూసుకునే అద్దం ఒక్కటే. పాత కూల్‌డ్రింకు సీసాలో పోసి, బకెట్టు పక్కన పెట్టుకునే యాసిడ్‌కు ఆ బొమ్మలో పోలిక ఏముంది? పిల్ల ఎలా గుర్తుపడుతుంది?

5. లాడ్జిలో మిగతా ఆడవాళ్ళకు చెప్పి చూశాను. మాలో పెద్దామెను అందరమూ వదినా అంటాము. ఆమె, "ఇరవై ఏళ్ళుగా కలుపుతున్నాం, మేం చచ్చామేంటే?" అని నవ్వబోయి, ఎవరితో అంటున్నదో గుర్తొచ్చి నోరు మూసుకుంది. మర్నాడు కూడా కలిపింది. "మరక పోకపోతే మేనేజరు ఊరుకుంటాడా, నువ్వే చెప్పు" అంది. మా వయసులో ఇక మారము. పిల్లలకు చెప్తేనే ఏదైనా.

6. నేను కోరునది ఏమనగా: పరీక్షలో అడిగినదే బడిలో చెప్తారు గనుక, పరీక్షలోనే అడగండి. మీ ఇంట్లో బాత్రూము ఏం పోసి కడుగుతారు? అందులో ఏముంది? దేనితో కలపకూడదు? ఈ మూడు చాలు. రెండు మార్కులే ఇవ్వండి. ఒక రోజు పిల్లలను ఇంట్లో సీసాల పేర్లు రాసుకుని రమ్మనండి. సారు ఒక్కొక్కటి చదివి ఇది ఫలానాది అని చెప్తే సరిపోతుంది. దానికి గాజు సామాను అక్కర్లేదు.

ఇది అవుతుందని నమ్మి రాయడం లేదు. చిన్నది రెండేళ్ళలో పదికి వస్తుంది. అప్పటికీ అదే పుట, అదే బొమ్మ ఉంటాయి. "అక్క చదివిన పాఠం వచ్చినప్పుడు నేనేం రాయాలమ్మా?" అని అడిగింది. పుస్తకంలో ఉన్నట్టే రాయి అన్నాను. ఇంకేం చెప్పను?

తమరు చిత్తగించినా, అయిపోయిందని పంపినా, అర్జీ నా చేత్తో రాసుకున్నానన్న తృప్తి ఒక్కటి నాకు మిగులుతుందని విన్నవించుకుంటూ,

తమ విధేయురాలు,
రెండో అంతస్తు పనిమనిషి, చనిపోయిన పిల్ల తల్లి

జత చేసినది: పేపరు జిరాక్సు. గుమాస్తా గారు అసలుది కావాలన్నారు. ఇవ్వను.

మరొక మాట. ఇది తాతకు చెప్పలేదు, చిన్నదానికి కూడా తెలియదు. పైన రెండో నంబరులో "మా ఆడవాళ్ళకు ఒక అలవాటు" అని రాశాను. అమ్మాయికి ఆ అలవాటు నేర్పింది నేను. అంతకు ముందు ఏడాది సెలవుల్లో నాతో పనికి వచ్చింది. పౌడరు మీద యాసిడ్ పోయగానే ముక్కు మూసుకుని, "ఈ పొగేంటమ్మా?" అంది. "మురికి చస్తోంది, భయపడకు" అన్నాను. పకపకా నవ్వింది. ఆ తరువాత ఏడాది అది విషమని పుస్తకంలో చదివింది, పరీక్షలో రాసింది. అయినా బాత్రూములో కూర్చున్నప్పుడు మీ పుస్తకాన్ని కాదు, నన్నే నమ్మింది. అన్నిటికీ "కాదమ్మా, నీకు తెలీదు" అని నాతో వాదించే పిల్ల. ఆ ఒక్కదానికీ అనలేదు.