ఇల్లు పాడుచేసిన పిల్ల

తనకల్లు,
12 జూలై 2008.

చిరంజీవి షాహీన్‌కు నానీ దువా, దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. వాన లేదు, వేరుశనగ విత్తనం గోతాల్లోనే ఉంది. నేను నీకు పంపిన కాగితాలు నిన్న తిరిగి వచ్చాయి. అందుకే ఈ ఉత్తరం. కవరులో కుశలప్రశ్న లేదు. "ఎర్రగీత ఉన్నచోట మీ గుర్తులు మార్చండి" అని మాత్రం ఉంది.

ఫారసీలో రాసినవారి మనసు మంచిగా ఉందో చెడ్డగా ఉందో కంప్యూటరుకు నేర్పడం నీ ఎం.సి.ఎ. చివరి పని. మీ అమ్మ అడిగితే, మా నాయన, అబ్బాజాన్, నేర్పిన ఫారసీతో నీ వాక్యాలన్నీ చదివి, మంచి, చెడు అని గుర్తులు పెట్టాను. అవి కంప్యూటరు చెప్పినదానితో కలవడం లేదట. ముసలామె గుర్తులు మారిస్తే తప్ప సంతకం పెట్టనని మీ సారు అన్నాడట. ఈ ఏడు పట్టా రాదని మీ అమ్మ ఫోనులో ఏడ్చింది. ఏడవవలసిన పని లేదు.

ఒక్క వాక్యం చూద్దాం. ఇరాన్ తాత ఒకాయన రాశాడు: "మా ఇల్లు పాడుచేసిన దొంగపిల్ల నిన్న ఊరెళ్ళింది. పీడ వదిలింది. గోడమీద అది గీసిన గీతలు ఇంకా తుడవలేదు." పాడు, దొంగ, పీడ అనే మాటలు ఏరుకుని కంప్యూటరు చెడు అంది. నేను మంచి అన్నాను. తుడవని గీతలను మీ యంత్రం లెక్కలోకి తీసుకోలేదు.

పక్కింటి అంజనమ్మకు దీన్ని తెలుగులో చెప్పాను. "ఏమక్కా, ఈ ముసలాయన అచ్చం నీ మాదిరే మాట్లాడతాండాడే! నోరు తెరిస్తే తిట్లే. పొగిడితే పిల్లకు దిష్టి తగుల్తాదని భయం గదా మీకు!" అని పగలబడి నవ్వింది. నేను నవ్వలేదు.

గుర్తులు మార్చను.

నీ అమ్మమ్మ, నానీ,
ఖైరున్నీసా.

తా.క. ఇక జరగవలసినవి:

1. ఆ వాక్యాలు మీ క్లాసులోని ఇరాన్ అమ్మాయి మహ్‌నాజ్‌కు ఇవ్వు. నా గుర్తులు చూపకుండా ఆమెను గుర్తులు పెట్టమను.

2. ఆమెవీ నావీ కలిస్తే సారు ముందు పెట్టు. కలవకపోతే నావి కొట్టేయ్.

3. నీకు ఎం.సి.ఎ. సీటు వచ్చిన రోజు అంజనమ్మ నిన్ను పొగుడుతుంటే, "ఈ మొద్దుకా? ఎవరో పొరపాటున ఇచ్చినార్లే" అన్నాను. ఆనాటి నుంచి నాతో నీకు మాటల్లేవు. చిన్నప్పుడు నువ్వు వంటింటి తలుపు మీద మేకుతో నీ పేరు చెక్కావు. పోయిన రంజానుకు ఇంటికంతా రంగు వేయించాను. ఆ తలుపు ముట్టనివ్వలేదు. నేనన్న ఆ మాటకు గుర్తు నువ్వే పెట్టి పంపు.