అత్తమ్మ పాటలు, కొత్త సిస్టమ్

శనివారం, రాత్రి

ఇన్ని రోజులు ఏది రాసుకున్నా కంప్యూటర్లోనే కొట్టుకున్న. అందులో రాసింది ఎంతవరకు నిలుస్తదో ఇయ్యాల తెలిసింది. అందుకే పెన్ను పట్టిన.

మన పాత కంప్యూటర్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేద్దామని బిడ్డ స్వప్న నెల నుంచి అంటున్నది. "పాతదానికి ఇగ రక్షణ లేదమ్మా." ఎయిర్‌పోర్టులో రోజంతా కంప్యూటర్ ముందట కూర్చునే పిల్ల, దానికి తెలుసు. నా భయమల్లా అత్తమ్మ పాటల గురించే. ఆమె పోయేముందు పాడి చెప్తుంటే నలభై భజనలు పాత తెలుగు ఫాంటులో కొట్టి పెట్టిన.

"దసరాకు సీపీయూకు బొట్టు పెడితివి గద, ఏం కాదులే" అని నవ్వి, స్వప్న ఒక పాటను తన కొత్త లాప్‌టాప్‌లో తెరిచింది. తెలుగు లేదు, అన్నీ పిచ్చి గుర్తులే. ఆ పాత ఫాంటు కొత్తదాంట్లో పనిచేయదంట.

నా ముఖం చూసి అది పక్కన కుర్చీ వేసుకున్నది. "గట్ల చూడకమ్మా. నువ్వు పాతదాంట్లో చూసుకుంట పాడు, నేను ఇందులో మళ్ల కొడత. రోజుకొకటి. అన్నీ అయినంకనే సిస్టమ్ మారుద్దాం."

పాడిన. రెండో చరణంలో నేను అప్పట్లో తప్పు కొట్టిన మాట కూడా దొరికింది. డ్యూటీ నుంచి రాంగనే ఫోన్ పట్టుకునే పిల్ల గంటసేపు నా పక్కనే కూర్చున్నది.

స్వప్నకు నలభయ్యే అని చెప్పిన గానీ, అత్తమ్మవి ఇంకో పది పాటలు నాకు నోటికొస్తయి. మెల్లగా చెప్త. తొందరేముంది?

దేవుని గదిలో ఉన్న తల్లీ, ఈ పేజీలు నీ పటం వెనుక పెడుతున్న. భద్రంగా ఉంచు. స్వప్న కంట మాత్రం పడనీయకు.